లెటర్ బి, ఎగ్ ఫ్రైడ్ రైస్, కోనాం చేప

మొన్న క్లాసులో ఒక కుర్రాడు పేపర్ మీద "లెటర్ బి" అని రాసిచ్చాడు. నేనిచ్చిన పని చాలా చిన్నది, పాట పెడతాను, అందులో మాటిమాటికీ వచ్చే మూడు ముక్కలేంటో రాయండి అన్నాను అంతే. బీటిల్స్ అనే ఇంగ్లండ్ బ్యాండ్ వాళ్ళ లెట్ ఇట్ బి, 1970 లో వచ్చింది. పాటయ్యాక పేపర్లు తీసుకుంటే ఇరవై రెండు మందిలో సరిగ్గా రాసినవాళ్ళు నలుగురు. ఒకమ్మాయి "లేడీ బీ" అని రాసింది, ఆడ తేనెటీగ గురించి పాటేమో అనుకుందట పాపం. ఇంకొకడు "లెర్రిబి" అని తెలుగులో రాసి పక్కన క్వశ్చన్ మార్క్ పెట్టాడు, వాడి నిజాయితీకి నేనో మార్కు వేశాను.

అందరం నవ్వుకున్నాం గానీ ఇంటికొచ్చాక నాకు నిద్ర పట్టలేదు. లెట్, ఇట్, బి, ఇవేమైనా కష్టమైన మాటలా? ఈ పిల్లలు ఒకటో క్లాసు నుంచి డిగ్రీ దాకా పదిహేనేళ్ళు ఇంగ్లిష్ చదివినవాళ్ళు. అదే మూడు మాటలు బోర్డు మీద రాస్తే "ఏటి మేడం, మరీ ఎల్‌కేజీ పిల్లల్లాగ" అని మొహం చిట్లిస్తారు. మరి పాటలో వస్తే ఎందుకు తెలీలేదూ అంటే, ఆ మాటలు వాళ్ళ కంటికి తెలుసు, చెవికి తెలీవు. మనందరి పరిస్థితీ అదే, మనం ఇంగ్లిష్ మాటల్ని స్పెల్లింగ్ రూపంలో దాచుకున్నాం, ఇనప్పెట్టెలో పాత నోట్ల కట్టల్లాగ, లెక్కేస్తే చాలా ఉంటాయి గానీ బజారుకి తీసుకెళ్తే ఒక్కటీ చెల్లదు. పాటలతో కొత్త మాటలు నేర్పొచ్చు అని అందరూ అంటారు కదా, నేను చూసినంతలో పాట చేసే పెద్ద పని కొత్త మాటలు ఇవ్వడం కంటే ఈ పాత నోట్లు మార్చి ఇవ్వడం.

నా గురించి రెండు ముక్కలు చెప్పేస్తాను. విశాఖపట్నం ద్వారకానగర్‌లో ఒక మేడ మీద చిన్న రూములో స్పోకెన్ ఇంగ్లిష్ చెప్తాను, కింద మొబైల్ షాపు, పక్కన బ్యాంక్ కోచింగ్, ఎదురుగా ఇంకో కోచింగ్, ఆ వీధిలో చదువు చెప్పని గుమ్మం వెతకాలి. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది నర్సింగ్ పిల్లలు, ఐఈఎల్టీఎస్‌కో ఓఈటీకో, అంటే విదేశాల్లో పని కోసం రాసే ఇంగ్లిష్ పరీక్షలకి, వెళ్ళాల్సినవాళ్ళు, మిగతావాళ్ళు బీచ్ రోడ్డు హోటళ్ళలో పనిచేసే కుర్రాళ్ళు, శ్రీకాకుళం విజయనగరం నుంచి డిగ్రీ అయ్యి ఇక్కడ ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్ళు. గాజువాక నుంచి గంట బస్సులో నిలబడి వచ్చేవాళ్ళూ ఉన్నారు. సాయంత్రం ఆరింటికి కూర్చునేసరికి వాళ్ళ మొహాల్లో ఫోనెటిక్స్ చార్ట్ చూసే ఓపిక ఉండదు. అలా మొదలైంది ఈ పాటల గోల, ఏదో పెద్ద పద్ధతి అనుకుని మొదలెట్టింది కాదు, వాళ్ళు నిద్రపోకుండా ఉంటే చాలని.

ఆ లెట్ ఇట్ బి లోనే ఇంకో తమాషా జరిగింది. అందులో మదర్ మేరీ అని వస్తుంది కదా, వన్ టౌన్ వైపు నుంచి వచ్చే ఇద్దరమ్మాయిలు ఇది రాస్ హిల్ కొండ మీద మేరీమాత గుడిలో పాడే పాట అనే ఫిక్సయిపోయారు. పాల్ మెకార్ట్‌నీ వాళ్ళమ్మ పేరు మేరీ, ఆయనకి పద్నాలుగేళ్ళప్పుడు చనిపోయింది, తర్వాత కల్లో కనిపిస్తే రాసుకున్న పాట ఇది అని చెప్తే రూమంతా ఒక్కసారి నిశ్శబ్దం. ఆ తర్వాత మళ్ళీ పాట పెట్టాను. ఈసారి ఒక్కళ్ళు కూడా లెటర్ బి అనలేదు. ఎవరి కథో తెలిశాక చెవి కూడా కొంచెం సర్దుకుని కూర్చుంటుందేమో.

అసలు మనకిది కొత్తా? మా తాతయ్యది చోడవరం దగ్గర ఊరు, ఆయనకి వేలిముద్రే. కానీ తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల్లో రాయబారం పద్యాలు మొదట్నించీ చివరిదాకా రాగంతో సహా వచ్చేవి. నాటకం వాళ్ళు రాత్రి పదికి మొదలెడితే తెల్లారేదాకా కూర్చునేవాడట, వన్స్ మోర్ అని అరిచేవాడట, బహుశా ఆయనకొచ్చిన ఇంగ్లిష్ ఆ రెండు మాటలే. ఆ పద్యాల్లో ఉన్న సంస్కృతం మాటలు ఇప్పటి ఎమ్మే తెలుగు వాళ్ళకి కూడా గట్టివే. మరి ఆయనకి అర్థం తెలుసా అంటే, పొలంగట్టు తగాదాకి పంచాయతీకి వెళ్తూ "సంధికే ఎల్తన్నాను, ఐదూళ్ళిస్తే సరే, లేకపోతే కురుక్షేత్రమే" అనేవాడు. తెలిసే వాడేవాడు. చదువు లేని చెవిలోకి రాగం మీద ఎక్కి వచ్చిన మాటలు అవి, పొలంగట్టు మీద కూడా పనికొచ్చాయి. ఈ పొలంగట్టు సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను దీని దగ్గరికి.

ఎందుకంటే రాగం మీద ఎక్కిన ప్రతిదీ అలా దిగదు. ఏబీసీడీ పాటే చూడండి. ట్వింకిల్ ట్వింకిల్‌దీ దానిదీ ఒకటే ట్యూన్ అని చాలామందికి పెద్దయ్యాక గానీ తట్టదు, అది అసలు ఒక పాత ఫ్రెంచ్ పాట ట్యూన్, మోజార్ట్ కూడా దాని మీద వేరియేషన్స్ రాశాడు, దానికి ఈ అక్షరాలు కట్టి 1835 లో అమెరికాలో బోస్టన్‌లో అచ్చేశారు. అందులో ఎల్ ఎమ్ ఎన్ ఓ పీ దగ్గరికొచ్చేసరికి ఐదక్షరాలు గబగబా పరిగెడతాయి, అందుకని పిల్లలు "ఎలమెనోపీ" అనేది ఒకే అక్షరం అనుకుంటారు. మా అక్క కూతుర్ని ఎమ్ తర్వాత ఏంటే అంటే మళ్ళీ ఏ నుంచి మొదలెట్టి పాడుకుంటూ వచ్చేది, ట్యూన్ లేకపోతే ఎమ్ లేదు దానికి. (ఇంకో సంగతి, అమెరికా వాళ్ళు చివర్న జీ అంటారు కాబట్టి వాళ్ళకి ప్రాస కుదురుతుంది, మనం జెడ్ అంటూ కూడా అదే పాట పాడేసుకుంటున్నాం, ప్రాస చచ్చినా పట్టించుకోం.) అంటే పాట మాటల్ని మోసుకొస్తుంది, ఒక్కోసారి మింగేస్తుంది కూడా. పాటలతో పాఠం చెప్పేవాళ్ళు చాలామంది ఈ రెండోది చెప్పరు.

సరే, ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన ఎక్సర్‌సైజ్. బీటిల్స్ పాటే ఇంకోటి, యెస్టర్డే, 1965. మెకార్ట్‌నీకి ట్యూన్ ముందు వచ్చింది, మాటలు లేవు, అందుకని మర్చిపోకుండా ఉండటానికి "స్క్రాంబుల్డ్ ఎగ్స్" అని డమ్మీ పెట్టుకుని పాడుకునేవాడు. ఇది క్లాసులో చెప్పగానే ఒకడు లేచి "మన సినిమా వాళ్ళలాగే కదా మేడం" అన్నాడు. కరెక్టే, మన దగ్గర కూడా ట్యూన్ ముందు చేసి దాంట్లో నోటికొచ్చిన డమ్మీ మాటలు పాడి రైటర్‌కి పంపిస్తారు, రైటర్ ఆ కొలతకి సరిపడా మాటలు కూర్చాలి. అందుకని మా పిల్లలందరూ ఆ రోజు సినిమా రైటర్లు అయిపోయారు. పని ఏంటంటే, యెస్-టర్-డే అనే మూడు స్వరాల్లో పట్టే ఇంగ్లిష్ మాటలు ఏవైనా పట్టుకురండి, మొదటి ముక్క మీద బరువు పడాలి, అర్థం మీకనవసరం. మొదట "ఆర్కే బీచ్" వచ్చింది. తర్వాత "రైల్వే గేట్". "కిచెన్ సింక్". ఒకమ్మాయి "గ్యాస్ సిలిండర్" అంది, పాడి చూపించమంటే డర్ దగ్గర ట్యూన్ అయిపోయింది, మాట ఇంకా మిగిలిపోయింది, బస్సు వెళ్ళిపోయాక మెట్టు మీద కాలు పెట్టినట్టు.

తర్వాత ఒక హోటల్ కుర్రాడు "ఎగ్ ఫ్రైడ్ రైస్" అన్నాడు. ఆహా అనుకున్నాను, సరిగ్గా మూడు. పాడమన్నాను. పాడాడు. "ఎగ్గు ఫ్రైడు రైసు".

మూడు స్వరాలు, ఆరు ముక్కలు. కుదరదు. మళ్ళీ పాడాడు, కుదరదు. క్లాసంతా చప్పట్లు కొడుతూ లెక్కపెడుతోంది, వాడు ఎక్కడ ఎక్కువవుతోందో వాడికే తెలీక చూస్తున్నాడు. ఏడేళ్ళ నుంచి ఈ జబ్బు గురించి నేను బోర్డు మీద చెప్తున్నాను, తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది, అందుకని మనం బస్‌ని బస్సు చేస్తాం, బుక్‌ని బుక్కు చేస్తాం, తెలుగు మాట్లాడేటప్పుడు అది తప్పేం కాదు, మన భాష అందమే అది, కానీ ఇంగ్లిష్‌లో ఆ చివరి ఉకారం తగిలిస్తే వినేవాడికి ఇంకో మాట వచ్చిందేమో అనిపిస్తుంది అని. వింటారు, తలూపుతారు, "ఓకే మేడం" అని వెళ్ళిపోతారు. ఆ రోజు మాత్రం నేను ఒక్క ముక్క చెప్పలేదు. ట్యూనే చెప్పింది. ఐదోసారికి వాడు నోరు బలవంతంగా మూసి "ఎగ్. ఫ్రైడ్. రైస్." అన్నాడు, చివరి స్ దగ్గర ఆగి పళ్ళ మధ్య నుంచి గాలి వదులుతూ అలాగే ఉండిపోయాడు, ఇంకేం కలపకుండా. కుదిరింది. అప్పుడు వాడి మొహం చూడాలి. తర్వాత వాడు చెప్పిందేంటంటే, వాడు పనిచేసే చోట ఎవరైనా ఫారినర్ వచ్చి ఆర్డర్ రిపీట్ చెయ్యమంటే వాడెప్పుడూ రెండుసార్లు చెప్పాల్సొచ్చేదట, ఎందుకో తెలిసేది కాదట.

ఇది చూశాక నాకు ఛందస్సు గుర్తొచ్చింది. తెలుగు పద్యానికి గురువు లఘువు లెక్క, అంటే ఎంతసేపు పలుకుతున్నాం అనేది. ఇంగ్లిష్ పద్యానికి ఎక్కడ నొక్కుతున్నాం అనేది లెక్క. మనం ఇంగ్లిష్ మాట్లాడినా మన లెక్కే వేసుకుంటాం, అన్ని ముక్కలూ సమానంగా పంచిపెడతాం, ప్రసాదం పంచినట్టు ఎవరికీ తక్కువ కాకుండా. ఇంగ్లిష్ వాడేమో ఒక్క ముక్కకి లడ్డూ మొత్తం ఇచ్చి మిగతావాటికి పొడి రాలుస్తాడు. హోటల్ అనే మాట తీసుకోండి. మనం మొదట్లోనే హో మీద కూర్చుంటాం. వాళ్ళు టెల్ మీద నొక్కుతారు. ఈ ముక్క డిక్షనరీలో చూపిస్తే ఎవరికీ ఎక్కదు గానీ ఈగల్స్ వాళ్ళ 1976 నాటి హోటల్ కాలిఫోర్నియా పెట్టి టేబుల్ మీద దరువేస్తూ వినండి అంటే, దెబ్బ టెల్ మీద పడుతుంది, ఫోర్ మీద పడుతుంది, ఇంక హో మీద నొక్కుదామన్నా నొక్కలేరు. అక్కడే అర్థం పాఠం కూడా అయిపోతుంది, మనకి హోటల్ అంటే ఇడ్లీ తినే చోటు, వాళ్ళకి పడుకునే చోటు. మా వాడొకడు ఇంటర్వ్యూలో "డైలీ ఐ గో టు హోటల్ ఇన్ ద మార్నింగ్" అని చెప్పి వచ్చాడు, వాళ్ళేమనుకున్నారో ఏమో.

దరువు అంటే ఇంకోటి గుర్తొచ్చింది. క్వీన్ వాళ్ళ వి విల్ రాక్ యు, 1977. అందులో చివర్లో గిటార్ వచ్చేదాకా వాయిద్యమే లేదు, కాళ్ళు రెండుసార్లు, చప్పట్లు ఒకసారి, అంతే, మిగతాదంతా గొంతు. నొక్కి పలకడం నేర్పడానికి ఇంతకంటే మంచి పాట నాకు దొరకలేదు, ఎందుకంటే కాలు నేలకి తగిలినప్పుడు ఏ ముక్క వచ్చిందో అదే బరువైన ముక్క. పాతికమంది కలిసి మేడ మీద కాళ్ళు కొడితే ఏమవుతుందో మాత్రం నేను ఆలోచించలేదు. రెండో చరణానికి కింద మొబైల్ షాపాయన మెట్లెక్కి వచ్చేశాడు, "అమ్మా, షోకేసులో ఫోన్లు నడుస్తున్నాయి, ఏటిది, భూకంపమా" అని. ఇప్పుడు కాళ్ళ బదులు తొడల మీద కొట్టుకుంటున్నాం. ఎఫెక్ట్ సగమే ఉంది, నిజం చెప్పాలంటే.

ఇదంతా నా అనుభవం, నమ్మకపోతే నమ్మొద్దు గానీ, సరిగ్గా దీని మీదే ఎడిన్‌బరో యూనివర్సిటీ వాళ్ళు ఒక ప్రయోగం చేశారు, 2014 లో జర్నల్‌లో అచ్చయింది. అరవై మంది పెద్దవాళ్ళకి పదిహేను నిమిషాల్లో హంగేరియన్ భాష ముక్కలు నేర్పారు, ఒక గుంపుకి మామూలుగా చెప్పి, ఒక గుంపుకి లయలో చెప్పి, ఒక గుంపుకి పాడించి. తర్వాత గుర్తు తెచ్చుకుని హంగేరియన్‌లో చెప్పమంటే పాడినవాళ్ళే బాగా చెప్పారు. నాకు నచ్చిందేంటంటే, ఒట్టి లయ సరిపోలేదు, పాడాల్సొచ్చింది. ఊరికే విన్నవాళ్ళు ఎవరూ లేరందులో, అందరూ నోటితో తిరిగి అన్నవాళ్ళే, వాళ్ళలో కూడా పాడినవాళ్ళే గెలిచారు. హెడ్‌ఫోన్ పెట్టుకుని బస్సులో ఇంగ్లిష్ పాటలు వింటున్నాను మేడం, అయినా రావట్లేదు అనేవాళ్ళకి నేను చెప్పేది అదే, నోరు తెరవండి నాయనా అని.

ఏ పాట పెట్టాలి అనేది పెద్ద తలనొప్పి. పిల్లలు వినే ర్యాప్ నేను పెట్టలేను, నాకే అందదు. నాకు కలిసొచ్చిందెవరంటే కీరవాణి గారు. 2023 మార్చిలో నాటు నాటుకి ఆస్కార్ వచ్చినప్పుడు స్టేజి మీద ఆయన, నేను కార్పెంటర్స్ పాటలు వింటూ పెరిగాను అని చెప్పి, వాళ్ళ టాప్ ఆఫ్ ద వరల్డ్ ట్యూన్‌లో తన మాటలు పెట్టి పాడారు గుర్తుందా. మర్నాడు క్లాసులో సగం మంది ఆయన చిన్నప్పుడు వడ్రంగుల పక్కింట్లో ఉండేవారేమో, చెక్క మీద ఉలి చప్పుళ్ళు విని మ్యూజిక్ నేర్చుకున్నారేమో అన్నారు, ఎంత అందమైన కథ అల్లారో. కార్పెంటర్స్ అంటే అన్నాచెల్లెళ్ళ జంట, రిచర్డ్, కేరెన్, ఇంటిపేరే కార్పెంటర్, 1970ల్లో అమెరికాలో ఊపేశారు. కేరెన్ పాడితే ప్రతి మాటా కడిగిన గిన్నెలా ఉంటుంది, తొందర లేదు, మాట చివర హల్లు మింగడం లేదు. కొత్తవాళ్ళకి నేను మొదట పెట్టేది ఆవిడ గొంతే. ఇంకా స్పీడు అనిపిస్తే యూట్యూబ్‌లో 0.75 పెట్టుకోమంటాను, గొంతు కాస్త మందు కొట్టినట్టు ఉంటుంది గానీ మాటల మధ్య అతుకులు కనపడతాయి.

ఒక తేడా మాత్రం మావాళ్ళని మొదట్లో ఇబ్బంది పెడుతుంది. మన సినిమా పాటకి సందర్భం ఉంటుంది, హీరో ఎవరు, అలిగిందెవరు, వాన ఎందుకొచ్చింది, అన్నీ మనకి తెలుసు. ఇంగ్లిష్ పాప్ పాటలో ఒక నేను, ఒక నువ్వు, అంతే, ఎవరు ఎవరితో ఎక్కడ అంటున్నారో చెప్పరు. టిమ్ మర్ఫీ అనే ఆయన 1992 లోనే పాప్ పాటలు ముందేసుకుని పరిశీలించి ఇదే అన్నాడు, మాటలు తేలిక, రిపీట్ ఎక్కువ, ఊరూ పేరూ ఉండదు, అందుకే వినేవాడు తన సొంత కథ అందులో పెట్టేసుకుంటాడు అని. బాగానే ఉంది, కానీ తప్పు కథ పెట్టేసుకుంటే? మా నర్సింగ్ అమ్మాయొకత్తి నిశ్చితార్థం ఫోటోలకి ద పోలీస్ వాళ్ళ ఎవ్రీ బ్రెత్ యు టేక్, 1983 ది, స్టేటస్‌గా పెట్టింది. ఎంత తియ్యటి ట్యూనో. కానీ అది ప్రేమ పాట కాదే తల్లీ, వదిలేసి వెళ్ళిన అమ్మాయిని కంటిమీద కునుకు లేకుండా కాపలా కాసేవాడి గోడు, రాసిన స్టింగే ఆ మాట చాలాసార్లు చెప్పాడు. నేను చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఊగిసలాడి చెప్పాను. "మా ఆయనా అలాగే చూస్తన్నారు మేడం, పర్లేదు" అంది. ఏం చెయ్యాలి.

పాటల మాటలు ఎక్కడ పడితే అక్కడ చెల్లవు అనేది ఇంకో గొడవ. గోనా, వానా, ఎయింట్, ఇవన్నీ పాటలో ముద్దుగా ఉంటాయి, ఐఈఎల్టీఎస్ రైటింగ్‌లో ఒకడు "గవర్నమెంట్ ఈజ్ గోనా బిల్డ్ రోడ్స్" అని రాస్తే ముద్దుగా ఉండదు. రోలింగ్ స్టోన్స్ వాళ్ళ 1965 పాట, ఐ కాన్ట్ గెట్ నో శాటిస్ఫాక్షన్, దాని పేరులోనే కాన్ట్, నో రెండూ ఉన్నాయి, రెండు కాదులు కలిస్తే అవును అని కదా గ్రామర్ పుస్తకం. "వాళ్ళు రాస్తే హిట్టు, నేను రాస్తే తప్పా మేడం" అని ఒకడు నిలదీశాడు. దీనికి నేను ఆంధ్రా యూనివర్సిటీలో చదివే ఒక ఇథియోపియా అబ్బాయి సంగతి చెప్తాను. అతను తెలుగు మొత్తం ఆటోల్లో మోగే పాటల్లో నేర్చుకున్నాడు, మంచి చెవి, ళ కూడా పలికేవాడు. ఒకరోజు మద్దిలపాలెంలో కూరగాయలమ్మే మామ్మ దగ్గరికెళ్ళి "బంగారం, టమాటా ఎంతే" అన్నాడు. ఆవిడ ఒక్క క్షణం చూసి, "నీ బంగారానికి డెబ్బై ఏళ్ళురా బాబూ, కిలో నలభై" అందట. పాటలో ప్రియురాలితో అనే మాట బజార్లో ఎవరితో అనాలో పాట చెప్పదు, అది మనమే పక్కన కూర్చుని చెప్పాలి. అందుకే ప్రతి పాట తర్వాత నేను అడిగే మొదటి ప్రశ్న, ఈ మాట మీ హెడ్ నర్సుతో అనగలరా అని. నవ్వితే అనలేరన్నమాట.

ఇప్పుడు తాతయ్య పొలంగట్టు దగ్గరికొద్దాం. పాట నేర్పడం తేలిక, దాంట్లోంచి మాటని బయటకి లాగడమే కష్టం. నేను మొదట్లో అందరిలాగే లిరిక్స్ ప్రింటు తీసి ఖాళీలు పెట్టి పూరించమనేదాన్ని, పూరించేవాళ్ళు, పాడేవాళ్ళు, వెళ్ళిపోయేవాళ్ళు, వారం తర్వాత ఆ మాట అడిగితే ఎలమెనోపీ. ట్యూన్ అందిస్తే గానీ రాదు. ఇప్పుడు ఏం చేస్తున్నానంటే, ఒక పాటలోంచి నాలుగు ముక్కలకంటే ఎక్కువ తీసుకోను, అవి కూడా ఒంటరి మాటలు కాదు, జట్టుగా ఉండే మాటలు. మొదటిరోజు పాడతాం, గొంతు పోయేదాకా. రెండ్రోజులాగి వచ్చిన క్లాసులో ట్యూన్ నిషేధం, ఎవరైనా కూనిరాగం తీస్తే పది రూపాయలు డబ్బాలో వెయ్యాలి (డబ్బా నిండితే మురీ మిక్చర్). అప్పుడు టీ తెప్పిస్తాను. టీ వేడిగా ఉంది, ఏమంటారు? ఒకళ్ళు చెప్తారు, లెట్ ఇట్ కూల్. తడి గొడుగు మూల పెట్టాం, లెట్ ఇట్ డ్రై. కింద షాపాయన మళ్ళీ గొడవకొచ్చాడు, వాదించొద్దు, లెట్ ఇట్ గో. ఇలా ఒక్క పాట పేరులోంచి డజను మాటలు పుడతాయి, అన్నీ వాళ్ళకి ముందే తెలిసిన మాటలే, లెట్ తెలుసు, ఇట్ తెలుసు, కూల్ ఫ్రిజ్ మీద రోజూ చూస్తారు. కలిపి నోట్లోంచి రావడమే కొత్త. వారం తర్వాత ఇంకోసారి, అప్పుడు పాట ఊసే ఎత్తను.

అందరూ పాడతారా అంటే పాడరు. ఫిషింగ్ హార్బర్ నుంచి ఒక అబ్బాయి వస్తాడు, తెల్లవారుజామున చేపల పని చూసుకుని, పడుకుని లేచి సాయంత్రం క్లాసుకి. చివరి బెంచీ, గోడకి ఆనుకుని. మూడు నెలలు ఒక్క పాటకీ నోరు తెరవలేదు. ఏం బాబూ పాటలంటే ఇష్టం లేదా అంటే తల దించుకుని "నాను రోజూ పాడతాను మేడం, చేపల పాట" అన్నాడు. అర్థమవడానికి నాకో నిమిషం పట్టింది. వేలంపాట! బోటు రాగానే గుట్టలు పోసి పాట పెడతారు కదా, ఆ పాట. తెలుగులో దాన్ని పాట అంటామని, పాడటం అంటామని ఇన్నాళ్ళూ నాకు తట్టనే లేదు, పాటలతో పాఠాలు చెప్తానని ఊరంతా చెప్పుకుంటున్నాను నేను.

సరే ఇంగ్లిష్‌లో పాడు అన్నాను. బల్ల మీద నా హ్యాండ్‌బ్యాగ్ పెట్టి ఇది కోనాం చేప అన్నాను. లేచాడు. ఆ గోడకి ఆనుకునే మనిషి కాడు వీడు, గొంతు మారిపోయింది, చెయ్యి పైకి లేచింది, "టెన్ టెన్ టెన్, లెవెన్ హూ, లెవెన్ హూ" అని మొదలెట్టాడు, ఆ స్పీడు, ఆ ఊపు, నేను ఎన్ని ఇంగ్లిష్ పాటలు పెట్టినా ఎవరి నోట్లోంచీ రాలేదు. క్లాసంతా పాటలోకి దిగిపోయింది. ట్వెల్వ్ అన్నారు, థర్టీన్ అన్నారు, ఫోర్టీన్. వాడు "ఫిఫ్టీన్, ఫిఫ్టీన్" అంటున్నాడు, టీన్ మీద నొక్కకుండా ఫిఫ్ మీదే నొక్కి, మనందరం చేసే తప్పే అది, థర్టీకి థర్టీన్‌కి మనకి తేడా ఉండదు. ముందు బెంచీ నర్సింగ్ అమ్మాయి ఫిఫ్టీ అని విని, ఓడిపోకూడదని గట్టిగా "సిక్స్టీ!" అని అరిచింది.

వాడు ఒక్క సెకను కూడా ఆలోచించలేదు. వన్స్ ట్వైస్ థ్రైస్ అని ఒకే ఊపిరిలో కొట్టేసి, హ్యాండ్‌బ్యాగ్ తీసుకెళ్ళి ఆ అమ్మాయి ఒళ్ళో పెట్టాడు. పెట్టి నావైపు తిరిగి, "మా హార్బర్‌లో కూడా ఇలాగే ఇనిపిస్తే ఈపాటికి నాను మేడ కట్టీసుందును మేడం" అన్నాడు.

రేపు టీన్, టీ పాఠం. పాట పెట్టే పని లేదు, వాడే పాడతాడు.